నడవలో నిలబడ్డ కౌన్సిల్

శుక్రవారం వచ్చిందంటే థార్న్‌క్లఫ్ టౌన్ కౌన్సిల్ నాయకుడు క్లిఫర్డ్ ఆర్మరాడ్‌కి చేతులు ఊరికే ఉండేవి కావు. ఆ రోజు ఆయన కౌన్సిల్ వెబ్ పేజీలో ఊరివాళ్ళకి 'నాయకుడి మాట' రాసేవాడు. ఏ సంఘానికి నిధులిచ్చారు, చెత్తబండి ఎందుకు రాలేదు, నదిగట్టు మీద కుక్కల్ని తిప్పేవాళ్ళు పెంట ఎత్తే సంచీ ఎందుకు పట్టుకెళ్ళరు, అన్నీ అందులో ఉండేవి. జనం చదివేవారు, ఆ మాట కాదనకూడదు. చదివి ఊరుకునేవారు కాదు, అంతే. "వంతెన దగ్గరి గుంతల సంగతి రోడ్లు చూసే పై కౌన్సిల్ దృష్టికి తీసుకెళ్ళాం" అని ఆయన రాస్తే, "సంగతిని తీసుకెళ్ళడం కాదు సార్, వాళ్ళనే తీసుకురండి, మీ కార్లో" అని ఎవరో పుణ్యాత్ముడు కింద రాసేవాడు.

అయినా ఆయనకి ఒక గర్వం ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. తప్పుడు తేదీ వేసినా సరే, "తేదీ మారింది" అని రాసేవాడు గాని "పొరబడ్డాను" అనేవాడు కాదు.

అసలు గొడవ గడ్డి కోసే యంత్రం దగ్గర వచ్చింది. పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట ఆడే బౌలింగ్ క్లబ్బుకి కొత్త యంత్రం కొనిద్దామని ఓటు పెడితే క్లిఫర్డ్ చెయ్యెత్తాడు. ఆ క్లబ్బులో ఆయనా సభ్యుడే. ఎదుటి పక్షం నోరీన్ బాంబర్ లేచింది. చిన్నప్పుడు ఆయనా ఆమే ఒకే బెంచీలో చదువుకున్నారు, అప్పట్నుంచీ ఆమెకి ఆయన లోకువే.

"నాయకుడుగారూ, ఆ యంత్రం మీకొక్కరికేనా, మాక్కూడా ఓ చుట్టు తిప్పనిస్తారా?" అంది.

సభంతా నవ్వింది. క్లిఫర్డ్‌కి ఒళ్ళు మండింది. ఆ శుక్రవారం ఆవేశంగా రాసి పారేశాడు. ఇక మీదట ఏ సభ్యుడికైనా, చర్చకొచ్చే విషయంతో ఆవగింజంత సంబంధం ఉన్నా సరే, ఓటు వేళ ఆ సభ్యుడు గది బయటికి వెళ్ళి నిలబడాలి. ముందుగా తానే నిలబడతాడు. చట్టం అంత అడగదు. సొంత జేబుకో, ఇంట్లోవాళ్ళ జేబుకో లాభం ఉంటేనే లేవమంటుంది. ఈయన చట్టం కన్నా జానెడు ఎత్తు గోడ కట్టాడు. ఎనిమిదిమంది సభ్యులూ సై అన్నారు. అననంటే అనుమానం వస్తుందని భయం.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. మార్చి సమావేశంలో మొదటి విషయం చాపెల్ హాలుని, అంటే చిన్న చర్చి పక్కనున్న హాలుని, వెచ్చబెట్టే బాయిలర్. ప్రతి బుధవారం ఆ హాల్లో క్లిఫర్డ్ భార్య ఐవీ కొద్దిపాటి జీతానికి వంట చేసి ఊళ్ళో ముసలివాళ్ళకి భోజనం పెడుతుంది. చలికాలం మధ్యలో బాయిలర్ చచ్చి ఊరుకుంది. అక్కడికొచ్చే చాలామందికి వారం మొత్తంలో మరో మనిషితో మాట్లాడే పూట అదొక్కటే. ఈ సమావేశంలో నిధి మంజూరు కాకపోతే ఆ ఏడాది డబ్బు వెనక్కి పోతుంది.

"కొత్త బాయిలర్ రాకపోతే హాలు మూసెయ్యాలి క్లిఫ్," అని ఐవీ పొద్దున్నే చెప్పింది. "ఆ మాట వాళ్ళకి నువ్వు చెప్పు. నాకు నోరు రాదు."

సమావేశం మొదలైంది. బాయిలర్ పేరు రాగానే క్లిఫర్డ్ లేచి కోటు గుండీ పెట్టుకున్నాడు. "నా భార్య అక్కడ వంట చేస్తుంది. నేను బయటికి వెళ్తున్నా," అని నోరీన్ వంక ఓ చూపు చూసి నడవలోకి వచ్చి నిలబడ్డాడు. చాలా హుందాగా ఉందనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆర్నల్డ్ వచ్చాడు. "మా అమ్మ అక్కడే తింటుంది."

వెనకే గోర్డన్. "నా పెళ్ళి విందు ఆ హాల్లోనే చేశాం."

"ఆవిడ నిన్ను వదిలేసి పోయింది కదయ్యా."

"సంబంధం సంబంధమే. నువ్వే రాశావు, ఆవగింజంత అని."

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. ఒకరి పిన్ని అక్కడ గిన్నెలు కడుగుతుంది. ఒకరు పిల్లప్పుడు ఆ హాల్లో డాన్సు నేర్చుకున్నారు. చిన్న ఊరు, ఒక్కటే హాలు, సంబంధం లేనివాడెవడు? చివరికి నోరీన్ కూడా బయటికొచ్చి గోడకి ఆనుకుంది.

"నీకేం సంబంధం?" అన్నాడు క్లిఫర్డ్.

"మా ఆయన పోయినప్పట్నుంచి బుధవారాలు అక్కడే తింటున్నా," అంది నోరీన్, ఎటో చూస్తూ. "నువ్వు ఐవీ కోసం వచ్చే వేళకి వెనక తలుపున వెళ్ళిపోతా. ఐవీ వండే మాంసం, బంగాళాదుంపల హాట్‌పాట్ బాగుందని నీ ముందు ఒప్పుకోవడం నా వల్ల కాదు."

ఇంతలో కౌన్సిల్ గుమాస్తా ఎనిడ్ తలుపులోంచి తల బయటపెట్టింది.

"సభ్యుల బల్ల దగ్గర నేనూ కుర్చీలూ మిగిలాం," అంది. "ముగ్గురైనా కూర్చోకపోతే ఓటు లేదు. ఓటు లేకపోతే బాయిలర్ లేదు. మీరంతా ఏమంటారు?"

అందరూ క్లిఫర్డ్ వైపు చూశారు. వాళ్ళని ఆపుతున్నది చట్టం కాదు, తన రాత. అది తప్పంటే చాలు, అందరూ లోపలికి వెళ్ళొచ్చు. లోపల గదిలో సమావేశం చూడవచ్చిన జనం ఉన్నారు, పేపరు మనిషి ఉంది. వాళ్ళందరి ముందూ అనాలి.

"ఇక్కడ గొణిగితే కుదరదు, తెలుసుగా," అంది నోరీన్. ఈసారి వెక్కిరించలేదు. అదే ఆయనకి మరీ కష్టమనిపించింది.

క్లిఫర్డ్ గుమ్మందాకా నడిచి లోపలికి తల పెట్టాడు. "నేను రాసింది తప్పు," అన్నాడు. వెనక వరసకి వినపడలేదు, మళ్ళీ అన్నాడు. "రోషం కొద్దీ రాశాను. శుక్రవారం అదే రాస్తాను. చట్టం అడిగినవాళ్ళే బయట ఉంటే చాలు, మిగతావాళ్ళు దయచేసి వచ్చి కూర్చోండి."

అందరూ లోపలికి వెళ్ళారు. వంట చేసేది సొంత భార్య కాబట్టి ఆయన మాత్రం నడవలోనే ఉండిపోయాడు. మూసిన తలుపు ముందు చేతులు నలుపుకుంటూ, ఎన్నికల లెక్కింపు నాడు కూడా పడనంత భయం పడ్డాడు.

నోరీనే తలుపు తీసింది. "అందరూ ఎత్తారు. నేను రెండు చేతులూ ఎత్తితే ఎనిడ్ ఒకటే లెక్కేసింది."

ఆయనకి కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

ఈ కబురు ఐవీకి తానే చెప్పాలని సాయంత్రం గబగబా ఇంటికి నడిచాడు. వంటింట్లో ఐవీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది, ఏడ్చినట్టు తెలుస్తూనే ఉంది.

"నోరీన్ ఫోన్ చేసి అంతా చెప్పింది," అంది. "నలుగురి ముందూ తప్పొప్పుకున్నావట కదా. ఇన్నేళ్ళ కాపురంలో నాకా భాగ్యం ఒక్కసారీ పట్టలేదే?"

క్లిఫర్డ్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"దేనితో మొదలుపెట్టమంటావు?" అన్నాడు.