మడతపెట్టిన రుమాలు

తోడిపెళ్ళికూతురంటే ఫొటోలో పెళ్ళికూతురి పక్కన పళ్ళికిలించి నిలబడే మనిషని అందరూ అనుకుంటారు. ఒక్కరోజు ఆ ఉద్యోగం చేసి చూడండి, తెలిసొస్తుంది. సూదీ దారం, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, నీళ్ళసీసా అన్నీ మన దగ్గరే ఉండాలి. పెళ్ళికూతురికి ఆకలేస్తే మనకి ముందు తెలియాలి, కోపం వస్తే మన మీదే పడాలి. చెడ్డ కబురేదైనా వస్తే అది గుమ్మం దాటి ఆమె దాకా వెళ్ళకూడదు.

మాకు ఇదేం కొత్త కాదు. పెళ్ళికూతురు, సూపరక్క, నేను ముగ్గురం ఒకే హోటల్లో పనిచేస్తాం. పెళ్ళికూతురు ముందు కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం కిచకిచలాడుతుంది కనక దానికి పిచ్చుక అని పేరు. సూపరక్క గదులు సర్దేవాళ్ళ మీద సూపర్‌వైజరు. నేను ఫిర్యాదులు వింటాను. నా నోటికి భయపడి అందరూ అగ్గిపుల్ల అంటారు. అలాంటిదాన్ని ఫిర్యాదుల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారో మా యజమానికే తెలియాలి. మా హోటల్లో పని నేర్పేటప్పుడు మొదట చెప్పే మాట ఒకటుంది: ఇబ్బంది అతిథి దాకా వెళ్ళకముందే మాయం కావాలి. ఏదైనా మోగుతుంటే ముందు ఆపు. ఏదైనా పడి ఉంటే తీసి మడతపెట్టు. ఎందుకు, ఏమిటి అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆ రోజు మా అతిథి పిచ్చుక.

అద్దె హాలు రెండో అంతస్తులో ఉంది. మేళతాళాలు లేని పెళ్ళి. పెళ్ళి నమోదు చేసే అధికారి వస్తాడు, ఇద్దరూ సంతకాలు పెడతారు, అటు ఇద్దరు ఇటొకరు సాక్షి సంతకం పెడతారు, అయిపోయింది. పిచ్చుక వైపు సాక్షి వాళ్ళ నాన్నే. తల్లి లేని పిల్లని జడ వేయడం దగ్గర్నించి అన్నీ తనే నేర్చుకుని పెంచిన మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. గొంతులో రోగం వస్తే ఆపరేషన్ చేసి మాట తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి దాంట్లోంచే. మాట పోయాక తండ్రీకూతుళ్ళు వేళ్ళ కణుపులతో బల్ల మీద కొట్టి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక దెబ్బ అంటే అవును, రెండు దెబ్బలు అంటే కాదు. గబగబా మూడు కొడితే "అమ్మాయీ" అని పిలిచినట్టు.

ఆ పొద్దున ఆ ఇద్దరికీ మాటామాటా వచ్చింది. మాట అంటే ఆయన కాగితం మీద రాశాడు: "నేను వెనక కుర్చీలో కూర్చుంటా. సంతకం మీ మామయ్య పెడతాడు. వియ్యాలవారి ముందు ఈ మెడతో నిలబడలేను." అంతకు ముందే పిచ్చుక ఆయనకి కొత్త రుమాలు కొనిచ్చింది, మెడకి కట్టుకోడానికి. దాన్ని కూడా ఎవరికీ కనపడకుండా కాలరు లోపలికి దోపేసుకున్నాడు. పిచ్చుకకి ఒళ్ళు మండింది.

"నా పక్కన నిలబడ్డానికి నీకు సిగ్గయితే అసలు రావద్దు నాన్నా. ఇంట్లోనే ఉండు" అంది.

బాబాయ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందరితోపాటు కారెక్కాడు, అలంకరణ గదిలో ఒక మూల కూర్చున్నాడు. పిచ్చుక ఆయన వైపు చూడలేదు. కొత్త చెప్పులు మడమ దగ్గర కరుస్తున్నాయని మాత్రం రెండు మూడు సార్లు విసుక్కుంది. నేను దూది పెట్టాను. అప్పుడెప్పుడో బాబాయ్ లేచి బయటికి వెళ్ళాడు. గాలి కోసం అనుకున్నాను.

కాసేపటికి బయట గంట మొదలైంది. కర్ణకఠోరమైన గంట, ఆగదు. కళ్ళకి కాటుక పెట్టించుకుంటున్న పిచ్చుక ఉలిక్కిపడేసరికి కాటుక ముఖమంతా పూసుకుపోయింది.

"అక్కా, ఎవరికైనా చెప్పి దాన్ని ఆపించవే. నా తల పగిలిపోతోంది."

సూపరక్క ఇలా వెళ్ళింది, గంట అలా ఆగింది. పని అంటే అదీ. లిఫ్టు గంటట. ఆ లిఫ్టుకి అదో జబ్బని, ఊరికే మోగుతుందని వాచ్‌మన్ చెప్పి లిఫ్టు మెయిన్ స్విచ్చి తీసేశాడట. నేను అక్కని మెచ్చుకున్నాను కూడా.

అధికారి వచ్చి కూర్చున్నాక సాక్షుల్ని పిలిచారు. బాబాయ్ లేడు. హాల్లో చూశాను, వరండాలో చూశాను, మగవాళ్ళ బాత్‌రూం బయట నిలబడి తలుపు కొట్టాను. ఫోను చేస్తే అలంకరణ గదిలోనే మోగింది. కిటికీ దగ్గర చార్జింగుకి పెట్టి వెళ్ళాడు.

"నాన్న ఫోనెందుకు మోగుతోంది?" అంది పిచ్చుక.

"నేనే పొరపాటున నొక్కాను. బాబాయ్ హాల్లోనే ఉన్నాడు, నువ్వు కదలకు, కుచ్చిళ్ళు చెడతాయి" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

హాల్లో జనం అప్పటికే చెవులు కొరుక్కుంటున్నారు. ఆ గుసగుసలు లోపలికి వినపడకుండా పాటల సౌండు పెంచమన్నాను. గోడలు అదిరిపోయాయి. సూపరక్క మెట్ల వైపు, నేను కింద వీధి వైపు పరుగెత్తాం. మందుల షాపులో అడిగాను, బస్సు కోసం నిలబడ్డవాళ్ళని అడిగాను. మెడకి రంధ్రం ఉన్న మనిషండీ, మాట రాదండీ అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. కారు దగ్గర పిచ్చుక మేనమామ సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉన్నాడు.

"బావా? ఇందాక వచ్చాడుగా. డిక్కీ తీయించుకుని ఏదో సంచి తీసుకున్నాడు. చెయ్యి ఊపి పోయాడు" అన్నాడు.

"ఎటు పోయాడు మావయ్యా?"

"నేను చూడలేదమ్మా. కళ్ళు మూసుకున్నాను."

సంచి తీసుకుని చెయ్యి ఊపి వెళ్ళాడంటే ఇంకేముంటుంది. మేనమామని వెంటబెట్టుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చాను. సూపరక్క కూడా రొప్పుతూ వచ్చి ఎక్కడా లేడని తల అడ్డంగా ఊపింది. దాయడానికి ఇక మా దగ్గర మాటలు లేవు. మా ముఖాలు చూసి పిచ్చుకే లేచి నిలబడింది.

"నాన్న వెళ్ళిపోయాడు కదూ" అంది.

సూపరక్క వచ్చి దాని పక్కన నిలబడింది.

"రావద్దన్నాను. అదే మాట పట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టడానికి కూడా నోరు లేని మనిషిని పట్టుకుని నేను ఆ మాట అన్నానే." అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండును, ఏం చెయ్యాలో మాకు తెలిసేది. మా దగ్గర రుమాళ్ళున్నాయి, పౌడరుంది, మంచి మాటలున్నాయి. నిలబడి గోడ వైపు చూస్తున్న మనిషికి ఏం ఇవ్వాలో మాకెవరూ నేర్పలేదు.

పెళ్ళికొడుకు గుమ్మం దగ్గరికి వచ్చాడు. అధికారికి ఇంకో పెళ్ళి ఉందట, ఇక ఆగలేనంటున్నాడట. ఆ మాట మెల్లిగా చెప్పాడు, పాపం, అతని ముఖం కూడా పాలిపోయింది. మేనమామ గొంతు సవరించుకున్నాడు.

"నేను పెడతానులే సంతకం. బావ కూడా అదే అన్నాడుగా పొద్దున."

"వద్దు మావయ్యా" అంది పిచ్చుక. తలలో పువ్వులు ఒక్కొక్కటే పీకి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. "నాన్నని వీధిలోకి తోలేసి నేను లోపల పెళ్ళి చేసుకోను. అధికారిని పంపించెయ్యండి."

"ఈ రోజు కాకపోతే మళ్ళీ ఎప్పుడో..." అన్నాడు పెళ్ళికొడుకు.

"ముందు నాన్న దొరకాలి. దొరక్కపోతే ఎప్పుడూ లేదు."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇంత చేసి, ఇన్ని సర్ది, చివరికి ఈ పిల్లని ఇలా నిలబెట్టామా అని నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అప్పుడు దానికి కూడా కన్నీళ్ళు వచ్చాయి. కాటుక చెంపల మీదికి జారింది. సూపరక్క గబుక్కున తన సంచి తెరిచి చేతికందిన గుడ్డ తీసి ఇచ్చింది. నాలుగు మడతలు, అంచుకి అంచు సరిగ్గా కలిపి మా హోటల్లో తువ్వాలు పెట్టినట్టే ఉంది.

పిచ్చుక దాన్ని కళ్ళ దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"ఏమో, మెట్ల దగ్గర. మీ నాన్న కోసం వెతుకుతుంటే లిఫ్టు తలుపు కింద సందులోంచి కొంచెం బయటికి కనపడింది. అసహ్యంగా ఉందని లాగి మడతపెట్టాను. ఎవరైనా అడిగితే ఇద్దామని..."

"ఇది నేను నాన్నకి కొన్న రుమాలు."

నాకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ గంట ఊరికే మోగలేదు, లిఫ్టులో ఇరుక్కుపోయి బాబాయ్ నొక్కాడు. మేం ఆపించాం. కరెంటు మేమే తీయించాం. అరవలేని మనిషి తలుపు మీద కొట్టి ఉంటాడు, అది వినపడకుండా పాటలు పెంచమన్నది నేను. కొట్టి కొట్టి చివరికి మెడ మీది రుమాలు విప్పి సందులోంచి బయటికి తోస్తే, దాన్నీ శుభ్రంగా మడతపెట్టి సంచిలో వేసుకున్నాం.

పిచ్చుక అప్పటికే రుమాలు అక్క చేతిలో పడేసి బయటికి పరుగెత్తింది. కరిచే చెప్పులు గుమ్మంలోనే వదిలేసింది. నేను హాల్లోకి పోయి పాటల పెట్టె తీగ పట్టుకుని పీకాను. అంతమంది జనం ఒక్కసారిగా చప్పబడ్డారు.

లిఫ్టు తలుపు ముందు పిచ్చుక నేల మీద కూలబడి చెవి ఆనించింది. గబగబా మూడు కొట్టింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. గాలి ఆడని పెట్టెలో, అసలే మెడలోంచి ఊపిరి తీసే మనిషి. నేను మొక్కని దేవుడు లేడు. పిచ్చుక మూడోసారి కొట్టి, తలుపుకి నుదురు ఆనించి, "నాన్నా" అంది.

లోపల్నించి ఒక దెబ్బ వినపడింది. చాలా నెమ్మదిగా.

వాచ్‌మన్ ఇనపకడ్డీ తెచ్చాడు. మేనమామ, పెళ్ళికొడుకు కలిసి తలుపు విడదీశారు. లిఫ్టు మా అంతస్తుకి కాస్త కిందగా ఆగిపోయి ఉంది. చీకట్లో బాబాయ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, మెడ మీది రంధ్రం చుట్టూ చర్మం ఎగిరెగిరి పడుతోంది. ఒళ్ళో ఆ సంచి ఉంది. అందులోంచి తీసిన చెప్పు ఒకటి చేతిలో ఉంది, దాని మడమ ఊడిపోయింది. తలుపు మీద దాంతోనే కొట్టాడన్నమాట. పిచ్చుక రోజూ హోటలుకి వేసుకొచ్చే పాత మెత్తటి చెప్పులు అవి.

"నా కోసమా వెళ్ళావు?" అంది పిచ్చుక.

ఒక దెబ్బ.

పైకి లాగి వరండాలో కూర్చోబెట్టాం. నీళ్ళు తాగించాం, విసిరాం. ఊపిరి కుదుటపడ్డాక ఆయన సూపరక్క చేతిలోని రుమాలు చూపించి, దాన్ని లాగినట్టు వేళ్ళతో చేసి, ఎవరో చూశారని సంబరపడినట్టు చేతులు జోడించాడు. ఆ తర్వాత తను కొట్టడం ఆపేసి కూర్చున్నానన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో ఒకరు వస్తారని ఆ చీకట్లో నమ్మి కూర్చున్నాడు. సూపరక్క గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఓదార్చలేదు, నాకూ అదే గతి పట్టింది.

అధికారి తన పుస్తకం చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఎవరూ అడగకుండానే వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

పిచ్చుక ఊడిన చెప్పు, మంచి చెప్పు రెండూ తొడుక్కుంది. తర్వాత సూపరక్క దగ్గర రుమాలు తీసుకుని, మడత విప్పి, తండ్రి ముందు వంగింది.

"పొద్దున నోటికొచ్చింది అన్నాను నాన్నా. వెనక కుర్చీలోనే కూర్చో, నాకేం ఫరవాలేదు. ముందు ఇది కట్టనా? లోపల అందరూ ఉన్నారు."

బాబాయ్ దాని భుజం పట్టుకుని లేచాడు. రంధ్రం కనపడేలా చొక్కా కాలరు తనే వెడల్పుగా విప్పుకున్నాడు. గోడ మీద కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, కూతురి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టడానికి లోపలికి నడిచాడు.