వాన పడని చోటు

ఆ వాన దేవుడు పంపిందేనా అన్న అనుమానం సాన్నాను ఏళ్ళ తరబడి వదల్లేదు. చెర్నోబిల్‌లో అణుకేంద్రం పేలిన వారం స్వీడన్ ఉత్తరాన వాళ్ళ కొండ మీద ముసురు పట్టింది. పక్క కొండ పొడిగానే ఉంది. వానలోని విషం రాతినాచులోకి, అది మేసిన రెయిన్‌డీర్ల కండలోకి చేరింది. ఆ ఏడు కోసిన మాంసాన్ని ఎవరూ తినకుండా అధికారులు నీలంరంగు పూసి పారేయించారు.

ఆ వానకు కొద్దిరోజుల ముందే, సరస్సు మీద విరుగుతున్న మంచు మీంచి సాన్నా మందను వదిన మాయ్యా ఒడ్డుకు తోలింది. అలా ఆదుకున్న ఇంటికి, తమ మందదని చెవి కోసి గుర్తుపెట్టిన జంతువు మాంసంలో వాటా ఇవ్వడం అక్కడి ఆచారం. కొన్న మాంసం చెల్లదు. విషాన్ని కొలిచే పరికరం ఏటా సాన్నా మందను తినడానికి పనికిరాదంటూనే ఉంది. ఏటా ఆమె ఉత్తచేతులతో వెళ్ళి వదిన ఇంట కాఫీ తాగి వచ్చేది.

ఈసారి దొడ్డి దగ్గరికి కొలిచేవాడితో పాటు హోకన్ అనే పరిశోధకుడూ వచ్చాడు. గాలి దేన్ని ఎటు మోసుకుపోతుందో లెక్కగట్టే పని అతనిది. ఆ లెక్క సరైందో కాదో తేల్చడానికి నేల మీద పడ్డ ఆ విషమే ఆనవాలు. అతని కంప్యూటర్ తెర మీద రంగుల మేఘం పాకింది.

"మా కొండ దగ్గర తెల్లగా ఉందేం బాబూ?" అని సాన్నా అడిగింది.

"మా లెక్కలో మీకు వాన పడలేదమ్మా. పటం మీద మేం గీసిన గళ్ళు పెద్దవి, మీ కొండ వాటిలో కలిసిపోయింది. మీ మంద కొలతల వల్లే తప్పు బయటపడింది. ఇంత మంచి ఆధారం ఇంకెక్కడా దొరకలేదు."

"అయితే మా మీద పడి మంచిపనే చేసిందన్నమాట."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నా ఉద్దేశం అది కాదమ్మా."

"పోనీలే. మా మీదే ఎందుకు పడింది?"

"మేఘం అందరి మీదా పోయింది. ఇక్కడ చల్లగాలి తగిలి..."

"ఎలాగో చెబుతున్నావు. నేనడిగింది ఎందుకని."

"దానికి మా దగ్గర లెక్క లేదమ్మా."

"మా పాస్టరు గారిదీ ఇదే మాట. కాకపోతే ఆయన ఇంకాస్త సాగదీస్తాడు."

ఇంతలో దొడ్డిలోంచి కొలిచేవాడు కేకేశాడు. "సాన్నమ్మా, ఇది తినొచ్చు!"

ఆమె నమ్మలేదు. పరికరం మళ్ళీ పెట్టి చూడమంది. మళ్ళీ అదే మాట. దేవుడికి కృతజ్ఞత చెప్పబోయి, దేనికి చెప్పాలో తోచక, ఆమెన్ మాత్రం అంది.

సాన్నా తెచ్చిన మాంసం చూసి మాయ్యా బోసినోటితో నవ్వింది. "నా పళ్ళన్నీ రాలేదాకా ఆగావటే?"

"ఆగింది నేను కాదు వదినా."

"మరెవరు, పైవాడా?"

 సాన్నా కత్తి తీసి మాంసాన్ని సన్నగా తరిగి, మెత్తగా ఉడికించి, గిన్నె చేతికిచ్చింది. మాయ్యా నిదానంగా చప్పరించి మింగింది.

"వాటా ముట్టింది," అంది.