నోరు తెరిచిన నల్ల టీషర్టు

నేను ఒక నల్ల టీషర్టును. ఇప్పుడు చూస్తే మీరు ఆ మాట నమ్మరు, మసిగుడ్డ అంటారు. అదీ నిజమే. కానీ ఒకప్పుడు నాకు రెండు పొడుగు చేతులూ, ఒక మెడా, ఎదమీద ఒక పెద్ద నోరూ ఉండేవి. ఆ నోరు అరుస్తున్నట్టుగా అచ్చు వేశారు. ఎర్రటి పెదాలు, తెల్లటి పళ్ళు, లోపల కొండనాలుక కూడా కనిపించేది.

టీషర్టుకు అభిప్రాయాలేమిటని మీకు నవ్వు రావచ్చు. మనుషులు తమ అభిప్రాయాలను ఎక్కువగా మా మీదే అచ్చు వేయించుకుంటారు. నచ్చిన నాయకుడు, నచ్చిన ఆటగాడు, నచ్చిన పాట, అన్నీ మా ఎదమీదే. వాళ్ళకు మోజు తీరినా ఉతుకుల్లో చీకిపోయేదాకా మేమే మొయ్యాలి. అంతకాలం మోసినవాళ్ళకు సొంతంగా ఏదో ఒక అభిప్రాయం మిగలకుండా ఉంటుందా?

నేను తిరుప్పూరులో పుట్టాను. సముద్రం అవతల ఎక్కడో అరుస్తూ పాడే ఒక గుంపు ఉందట. వాళ్ళ పాటను పంక్ అంటారట. వాళ్ళ అభిమానుల కోసం నన్ను కుట్టారు. కానీ అచ్చు వేసేటప్పుడు బట్ట జరిగి నోరు ఒక పక్కకు వంకరపోయింది. కింద ఉండాల్సిన పేరు అలుక్కుపోయింది. తనిఖీ చేసే ఆమె నన్ను ఎత్తి చూసి, నా మెడ దగ్గర సుద్దతో అడ్డగీత గీసి పక్కన పారేసింది. అరవడానికే పుట్టిన నోరు తిన్నగా ఉంటే ఎంత, వంకరగా ఉంటే ఎంత? ఆ మాట నేను ఆమెకు చెప్పలేకపోయాను. నా కష్టాలన్నిటికీ మూలం అదే. నోరుంది, మాట లేదు.

అలా పనికిరాని సరుకుతో కలిసి మూటలో పడి, లారీ ఎక్కి, అనంతపురం జిల్లాలో చినరాయిపల్లి దగ్గర జరిగే వారపు సంతకు వచ్చాను. టార్పాలిన్ పట్ట మీద కుప్పగా పోసి ఏది తీసుకున్నా ఒకటే ధర అని అరుస్తున్నాడు అమ్మేవాడు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి కుప్పను కెలికారు. ఒకతి పేరు రమీజా. వాగుడుకాయ. రెండో పిల్ల కుళ్ళాయమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. మూడు మాటలు అడిగితే ఒక్కదానికి జవాబు చెప్పే పిల్ల.

"ఇది సూడు మే, ఎంత నోరుందో! నీకు లేనిదంతా దీనికి పెట్టినారు," అంది రమీజా నన్ను విదిలిస్తూ.

కుళ్ళాయమ్మ నన్ను వెనక్కి తిప్పి చూసింది. ముందుకు తిప్పి చూసింది. "గోలీకి వేరే రంగు ఉండాల కదా. నల్లది బాగుంటాది," అంది.

ఆ ఊరి బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు ఉంది. పిల్లలంతా తెల్ల బనీన్లు వేసుకుంటారు. గోలు దగ్గర నిలబడే పిల్ల మాత్రం వేరే రంగు వేసుకోవాలి, అది ఆట నియమం. అలా నేను చినరాయిపల్లి గోలీ చొక్కానయ్యాను. వెనక తెల్ల టేపుతో ఒకటో నంబరు అంటించారు.

ఆ రోజులే నాకు మంచి రోజులు. గ్రౌండ్ అంటే గడ్డి ఉంటుందనుకునేరు. గులకరాళ్ళ నేల. సర్వి కట్టెలు పాతి, వాటికి అడ్డంగా తాడు కడితే అదే గోలు. కుళ్ళాయమ్మ బంతి కోసం పక్కకు దూకితే ఆమె మోచేతులతో పాటు నా మోచేతులూ చిరిగేవి. వాళ్ళమ్మ వేరే గుడ్డముక్కలు పెట్టి కుట్టేది. బంతి తన వైపు వస్తున్నప్పుడు కుళ్ళాయమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టేది. నేను ఆమె ఎదమీదే ఉండేదాన్ని కాబట్టి ఆ ఊపిరి నాకు బాగా తెలుసు.

రమీజా ఇంట్లో గోడ నిండా పేపర్లోంచి కత్తిరించిన ఆటగాళ్ళ బొమ్మలుండేవి. ఒకడు మోకాళ్ళ మీద జారుతుంటాడు, ఒకడు చొక్కా విప్పి గాల్లో తిప్పుతుంటాడు, ఒకడు కప్పును ముద్దు పెట్టుకుంటుంటాడు. కుళ్ళాయమ్మ ఒకరోజు ఆ గోడంతా చూసి, "గోలీ ఒక్కడూ లేడేం మే?" అని అడిగింది.

"గోలీ ఫోటో ఎవురన్నా పెట్టుకుంటారా? ఆపితే ఆపినావంటారు, వదిల్తే తిడ్తారు. అంతే కదమే మీ బతుకు."

కుళ్ళాయమ్మ నవ్వింది. ఫుట్‌బాల్ వీరుల గురించి నా అభిప్రాయం ఆ రోజే ఏర్పడింది. గోలు కొట్టినవాడికి గోడ దొరుకుతుంది. దాన్ని ఆపే పిల్లకు మోచేతుల మీద మచ్చలు దొరుకుతాయి.

నా మీది బొమ్మ ఎవరిదో తెలుసుకోవాలని రమీజా వాళ్ళమ్మ ఫోన్‌తో నన్ను ఫోటో తీసి వెతికింది. ఆ గుంపు పాట దొరికింది. బడి వెనక గోడకు ఆనుకుని ఇద్దరూ ఒక్క ఇయర్‌ఫోనే చెరొక చెవిలో పెట్టుకున్నారు. కాసేపటికే రమీజా మొహం చిట్లించింది.

"ఇదేం పాట మే! పంపు కాడ బిందెల కొట్లాట లాగుంది."

కుళ్ళాయమ్మ కళ్ళు మూసుకుని వింటూనే ఉంది. పాట అయిపోయాక మెల్లగా అంది, "వాళ్ళకు పాడేకి రాదు మే. రాదని వాళ్ళకూ తెలుసు. అయినా పాడినారు సూడు."

"అయితే?"

"ఏం లేదు. ఇంకొకసారి పెట్టు."

నా మీది నోరు ఎందుకు అరుస్తోందో నాకు అప్పటిదాకా తెలియదు. ఈ పిల్ల చెప్పింది. పంక్ గురించి అంతకంటే గొప్ప మాట సముద్రం అవతలైనా ఎవరూ అని ఉండరని నేను అనుకుంటాను.

తర్వాత రాజకీయం వచ్చింది. ఒక పెద్ద నాయకుడు హెలికాప్టర్లో వస్తున్నాడని, అది దిగడానికి బడి గ్రౌండే అనువైనదని తేల్చారు. ఒక ఉదయం ట్రాక్టర్లు వచ్చి సర్వి కట్టెలు పీకి పక్కన పారేశాయి. నేల చదును చేసి, సిమెంటు పోసి, సరిగ్గా కుళ్ళాయమ్మ నిలబడే చోట సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. రమీజా ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి గొడవ చేసింది. ఊరి నాయకుడు ఒకాయన వచ్చి, "హెలికాప్టర్ పోనీ పాపా, తర్వాత చూద్దాం," అన్నాడు. చూసేదేమిటో ఊరంతటికీ తెలుసు. ఆ స్థలంలో గోదాము కట్టాలని ఆయన ఎప్పటినుంచో తిరుగుతున్నాడు. గ్రౌండ్ పోతే జట్టు పోతుంది. చుట్టుపక్కల అంత చదునైన నేల ఇంకెక్కడా లేదు.

వ్యాయామం నేర్పే పుల్లన్న సార్ పిల్లల్ని పిలిచి ఒక కబురు చెప్పాడు. సభలో నాయకుడు ఆడపిల్లల జట్టుకు కొత్త చొక్కాలు పంచుతాడట. పంచేటప్పుడు ఒక పిల్లను మైకు దగ్గరకు పిలిచి ఏం కావాలని అడుగుతాడట. ఆయన సభల్లో అది మామూలేనట. మైకులో అడిగింది కాదనడట.

"అయితే నేను అడుగుతా సార్," అంది రమీజా.

"నిన్ను వద్దన్నారమ్మా. ట్రాక్టరు కాడ నోరు చేసుకున్న పిల్లను పంపొద్దని చెప్పినారు. కుళ్ళాయమ్మను పంపమన్నారు. థాంక్యూ సార్ అని చెప్పి వచ్చేయాల, అంతే."

మాట్లాడని పిల్ల కాబట్టి మైకు ముందుకు ఎంపికైంది. రాజకీయం గురించి నాకు మొదటి అభిప్రాయం అక్కడ కలిగింది.

పుల్లన్న సార్ వెళ్ళిపోయాక పిల్లలంతా కుళ్ళాయమ్మ చుట్టూ చేరారు. "థాంక్యూ వద్దు ఏమొద్దు. మా గ్రౌండ్ మాకియ్యండి సార్ అని అడుగు. ఒక్క మాట," అంది రమీజా. కుళ్ళాయమ్మ నా అంచును వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత తలూపింది. "ఈ బనీను వేసుకుంటే అడుగుతానేమో," అంది.

ఆ వారమంతా నన్నే వేసుకుని, శెనక్కాయ చేలో వాళ్ళమ్మకు దూరంగా సాలు చివరికి వెళ్ళి ఆ మాటే అనుకునేది. మొదట్లో గొంతు నాకే వినబడేది కాదు. సభ ముందురోజుకు పక్క సాల్లో కూలి చేస్తున్న ఆమె తలెత్తి చూసేంత గట్టిగా వచ్చింది.

ఇక్కడే పుల్లన్న సార్ ఒక పొరపాటు చేశాడు. ఆటను ప్రేమించేవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. కొత్త చొక్కాలు వచ్చేదాకా పిల్లలంతా జట్టులాగే వరుసలో నిలబడాలనీ, నియమం ప్రకారం గోలీ వేరే రంగులో ఉండాలనీ నన్నే వేసుకుని రమ్మన్నాడు. ఆట నియమం ఆయనకు తెలుసు. సభ నియమం తెలియదు. పెద్ద నాయకుల సభలోకి నల్లగుడ్డ పోకూడదు. ఎవరైనా దాన్ని నల్లజెండాలాగా ఎగరేస్తారని భయం.

గేటు దగ్గర పోలీసులు నల్లవన్నీ ఏరుతున్నారు. నల్ల చున్నీలు, నల్ల గొడుగులు, ఒక ముసలాయన నల్ల మఫ్లరు. అయ్యప్ప మాల వేసుకున్న ఒకాయన నల్ల పంచెతో వచ్చి, "ఇది విప్పితే లోపలికి ఎట్ల పోయేది సార్?" అని అడిగాడు. "స్వామీ, మీరు రోడ్డు అవతల నుంచే వినండి," అన్నారు.

కుళ్ళాయమ్మను చూడగానే ఒక ఆడ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టింది. "పాపా, ఆ బనీను తీసేయాల."

"గోలీ అక్కా," అంది కుళ్ళాయమ్మ.

"గోళీనో గీళీనో నాకు తెల్దు. నల్లది పోకూడదు."

పుల్లన్న సార్ ముందుకొచ్చి ఆట నియమం వివరించబోయాడు. ఆమె విసుక్కుంది. "సార్, మీరు పిల్లకాయలకు చెప్పుకోండి. మాకు పైన చెప్పినారు."

గుడ్డ అడ్డం కట్టి నన్ను విప్పించారు. ఒక కార్యకర్త తన సంచిలోంచి తెల్ల చొక్కా తీసి ఇచ్చాడు. దాని ఎద నిండా నాయకుడి నవ్వుముఖం. కుళ్ళాయమ్మకు అది మోకాళ్ళ దాకా వచ్చింది. నన్ను గొడుగుల మీద పారేశారు. ఆమె వెనక్కి తిరిగి ఒకసారి నన్ను చూసింది. రమీజా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

సభలో ఏం జరిగిందో నేను చూడలేదు. మైకులు గేటు దాకా కట్టారు కాబట్టి విన్నాను. చాలా ఉపన్యాసాలు అయ్యాక నాయకుడి గొంతు వచ్చింది.

"ఏం పేరమ్మా?"

"కుళ్ళాయమ్మ."

"ఏం కావాలో అడుగు తల్లీ. భయపడొద్దు."

అప్పుడు మైకులో ఒక ఊపిరి వినిపించింది. గట్టిగా పీల్చి బిగబట్టిన ఊపిరి. వేలమందికి అది ఏదో గరగరలా వినిపించి ఉంటుంది. నాకు మాత్రం అది బంతి వస్తున్నప్పటి ఊపిరి.

"సార్... మా..."

అంతే. తర్వాత ఏమీ రాలేదు. ఊరి నాయకుడి గొంతు గబుక్కున అందుకుంది. "మాకు మీరుంటే చాలు అంటాంది సార్ మా పాప!"

ఈలలు, చప్పట్లు, డప్పులు. కాసేపటికి హెలికాప్టర్ లేచింది. ఆ దుమ్ము గేటు దాకా వచ్చి మా కుప్ప మీద పడింది. పోలీసు జీపు అద్దం మీదా పడింది. డ్రైవరు చుట్టూ చూసి, కుప్పలోంచి నన్ను లాగి అద్దం తుడిచాడు. మెత్తగా ఉన్నానని మెచ్చుకుని సీటు పక్కన పడేశాడు.

పిల్లలిద్దరూ వచ్చి కుప్పంతా వెతికారు. జీపు తలుపు తెరిచే ఉంది. నేను మూరెడు దూరంలో ఉన్నాను.

"ఏంటికి మే ఆపేస్తివి? నోటిదాకా వచ్చింది కదమే!" రమీజా గొంతులో ఏడుపుంది.

"ఆ నాయకుని ముఖం నా ఎదమీద ఉండాది మే. కింద నుంచి నన్నే సూస్తాండె. నేను నేనే కాదనిపించింది."

"బనీను రేపు స్టేషన్‌కాడికొచ్చి అడగండి," అంది కానిస్టేబుల్.

"పోదాం మే," అంది రమీజా.

"స్టేషన్‌కు పోతామంటే మా యమ్మ కాళ్ళిరగ్గొడ్తాది."

వాళ్ళు వెళ్ళిపోయారు. నాకంత పెద్ద నోరుంది. ఇక్కడున్నానని ఒక్క మాట అనలేకపోయాను.

అప్పటినుంచి నేను జీపులోనే ఉన్నాను. అద్దాలు తుడుస్తాను, చేతులకంటిన గ్రీజు తుడుస్తాను, ఒకసారి ఎవరిదో రక్తం కూడా తుడిచాను. ముందు నంబరు ఊడిపోయింది, తర్వాత చేతులు చింపి వేరే పనికి వాడారు. నాయకుల ముఖాలున్న చొక్కాలు కూడా ఈ జీపులోకి వచ్చాయి. ఎన్నికలైపోయాక అవీ నాలాగే అద్దాలు తుడిచాయి. వాటి నవ్వు మాత్రం చివరిదాకా చెదరలేదు. పాపం అనిపించింది.

వానలు మొదలైన రోజుల్లో జీపు మళ్ళీ చినరాయిపల్లికి వెళ్ళింది. గ్రౌండ్ చుట్టూ రేకులు పాతుతున్నారు. గోదాము పని మొదలైంది. గేటుకు అడ్డంగా పిల్లలు బైఠాయించారు. వాళ్ళ వెనక కొందరు అమ్మలు, ఒక పక్కగా పుల్లన్న సార్. డ్రైవరు నాతో అద్దం తుడిచాడు. అద్దంలోంచి చూశాను. ముందు వరుసలో కుళ్ళాయమ్మ ఉంది. ఆ తెల్ల చొక్కానే తిరగేసి వేసుకుంది. నాయకుడి ముఖం లోపలికి పోయింది. బయట ఉత్త తెలుపే.

"మా గ్రౌండ్ మాకియ్యండి!"

అరుస్తున్నది కుళ్ళాయమ్మే. రమీజా కాదు. గొంతు పగిలి, చీలి, ఎక్కడో పైకి పోయి అక్కడే విరిగిపోతోంది. మళ్ళీ మొదలుపెడుతోంది.

"ఏం గొంతప్పా ఈ పాపది, రాయి మీద రేకు గీకినట్లుంది," అన్నాడు డ్రైవరు.

"ఆ దినం మైకు కాడ నోరే లేయలేదే, ఆ పిల్లే," అంది కానిస్టేబుల్. కాసేపు విని దిగింది.

వాళ్ళందరినీ వ్యాను ఎక్కించి ఊరి బయట దింపి వచ్చారు. సాయంత్రానికి మిగిలిన రేకులు కూడా పాతేశారు. ఇప్పుడక్కడ గోదాము ఉంది. జట్టు లేదు. జీపు అటుగా పోయినప్పుడల్లా చూస్తాను. తలుపులకు తాళం వేసి ఉంటుంది.

డ్రైవరు నన్ను మడిచి సీటు కింద తోస్తాడు. నా నోరు తుడిచి తుడిచి చెరిగిపోయింది. ఎర్ర పెదాలు ఎప్పుడో పోయాయి, రెండు పళ్ళు మాత్రం మిగిలాయి. వచ్చే వానలకు అవీ పోతాయి. పోతే పోనీ. ఆ రోజు అద్దం మీద డ్రైవరు చెయ్యి కింద ఒత్తుకుని ఉండగా, ఆ పిల్ల అరుపుకు గాజు సన్నగా అదిరింది. ఆమె ఒంటి మీద లేకపోయినా, ఆ అదురు నాకు తగిలింది.