నువ్వుగింజంత వెనక్కి

"దాటిపోయింది అయ్యా, ఎన్కకు రాండ్రి," గుడి గోడ బయట బండరాయి మీద నిలబడి పోచయ్య అరిచాడు.

లోపల పూజారి యజ్ఞనారాయణ రేడియో మర తిప్పాడు. పెట్టె బర్రుమంది.

"ఎంతరా?"

"గింజంత."

"ఏ గింజరా?"

"నువ్వుగింజ అయ్యా. బియ్యపుగింజంత తిప్పితే సినిమా పాటల కాడికి పోతది."

పోనే పోయింది. దేవుడి ముందు ఎవరో హిందీలో ప్రేమ గురించి పాడారు. చేతులు జోడించి కూర్చున్న పెద్దలు కళ్లు తెరవలేదు. ఇద్దరు తల కూడా ఊపారు. పెట్టెలోంచి ఏది వచ్చినా వాళ్లకు భక్తే.

పోచయ్యకు యాభై దాటాయి. ఎండిన తుమ్మమొద్దులాంటి ఒళ్లు, భుజాన ఒక పాత గుడ్డ. పన్నెండేళ్లు పంచాయతీ ఆఫీసు నౌకరుగా అరుగు మీద ఆ రేడియోను పలికించింది అతనే, తుడిచింది ఆ గుడ్డతోనే. సర్కారు ఊరందరికీ ఇచ్చిన పెట్టె అది. పొద్దున భక్తి పాటలకు దండం పెట్టుకునే పెద్దమనుషులు, సాయంత్రం ఎరువుల ముచ్చట రాగానే పంచె దులుపుకొని లేచేవారు. పోచయ్య వాడవాళ్లు మాత్రం అరుగు కింద దుమ్ములో కూర్చుని చివరిదాకా వినేవారు.

దసరా ముందు సర్పంచి లింగమూర్తి పటేలుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు రావడం అరుదు. వస్తే ఊరు మోయాలి. దేవుడి పాటలు పలికే పెట్టె దేవుడి దగ్గరే ఉండాలన్నాడు. పోచయ్య తాకిన పాపం పోవడానికి దాని మీద నాలుగు చెంబుల పసుపునీళ్లు పోసి, బొట్టు పెట్టి, గుడిలోకి చేర్చారు. ఆ నీళ్లకే మర వదులైంది. స్టేషను ఎక్కడ దొరుకుతుందో పోచయ్య చెవికి తప్ప ఎవరికీ తెలియదు. పోచయ్యనేమో గుడిలోకి రానివ్వరు. అందుకే ఈ బండరాయి. ఎరువులు, పందులు, కుటుంబ నియంత్రణ గుడిలో వినరాదని సాయంత్రం కార్యక్రమం బందు చేశారు.

పోచయ్య బడి పంతులు విశ్వేశ్వరరావు చేత రేడియో వాళ్లకు ఉత్తరం రాయించాడు. రేడియో అందరిదా, కొందరిదా? అందరిదైతే మళ్లీ అరుగు మీద పెట్టించండి. అంతే. వాళ్ల దగ్గర నుంచి కార్డు వచ్చింది.

"బుధవారం సాయంత్రం చదువుతారటండి, పోచయ్యగారూ," అన్నాడు పంతులు. ఊళ్లో అతన్ని గారు అన్నది ఆయనొక్కడే.

ఇవాళ బుధవారం.

పాటలయ్యాక పోచయ్య పంచాయతీ అరుగు ఊడ్చాడు. రేడియో ఉన్న చోట గోడకు తెల్లటి చదరం మిగిలింది. దాన్ని కూడా తుడిచాడు. మధ్యాహ్నం భార్య కిష్టమ్మ అంబలి తెచ్చింది.

"రేడియో చెప్తే పటేలు ఇంటడా? ఇంట్ల పెండ్లాం మాటనే ఇనడు."

"రేడియో మాటంటే సర్కారు మాటనే. అది అబద్ధం చెప్పదు."

"జీడిమెట్లల కొత్త కంపెనీ కడ్తున్నరట. కావలి పని ఉందని మా తమ్ముడు కబురు పంపిండు."

"రేపు చూస్తం తియ్."

గుడిలో దేవుడి మీద పోచయ్యకు పెద్ద పట్టింపు లేదు. రేడియో మీద ఉంది. దాని కోసమే ఆ రోజు పూజారికి ఒక అబద్ధం చెప్పాడు.

"అయ్యా, ఇయ్యాల సాయంత్రం హరికథ ఉన్నది."

పటేలు పట్టుకండువా వేసుకుని మరీ వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. గోడ బయట నుంచి పోచయ్య నువ్వుగింజలు కొలిచాడు. రేడియోలో గొంతు తేటగా పలికింది.

"...ఆ ఊరి నుంచి పోచయ్యగారు అడుగుతున్నారు..."

ఉత్తరం సగమయ్యేసరికి పటేలు కళ్లు తెరిచాడు. "బంద్ చెయ్యవయ్యా!"

పూజారి కంగారులో వేరే మర తిప్పాడు. గొంతు హోరెత్తింది. వాడలో జనం గుడిసెల్లోంచి బయటికొచ్చారు.

"మంచి ప్రశ్న వేశారు, పోచయ్యగారూ. భక్తి అందరిదీ. రేడియో అందరిదీ. దాన్ని ఎక్కడ ఉంచాలన్నది మాత్రం మీ సర్పంచిగారి ఇష్టం. వారినే అడగండి. ఇక వరిలో దోమపోటు..."

బంద్ చెయ్యమన్న చెయ్యే పటేలు మళ్లీ ఎత్తాడు. "ఉండనియ్యి, జర గట్లనే ఉండనియ్యి." గోడ వైపు తిరిగాడు. "ఇన్నవా పోచిగా? నన్నే అడుగుమన్నరు. అడుగురా!"

గుడి నిండా నవ్వు. దేవుడి ముందు అంత కలిసికట్టుగా వాళ్లు ఏ భజనా చేయలేదు.

పోచయ్య అడగలేదు. దోమపోటు మందు సంగతి అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు.

"అయ్యా, ఎడమ చేతి కాడి మర తిప్పుండ్రి. బందైతది," అని చెప్పి బండ దిగాడు.

తెల్లారేసరికి పోచయ్య, కిష్టమ్మ నెత్తిన మూటలతో జీడిమెట్ల తోవ పట్టారు.

ఆ పొద్దున గుడిలో రేడియో బుస్సుమంది. "ఎంతరా?" అని పూజారి గోడ వైపు అరిచాడు. మళ్లీ అరిచాడు. పెద్దలు ఆ బుస్సుకే చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. గోడ బయట బండరాయి మీద, నాలుగు మడతలు పెట్టిన పాత తుడుపుగుడ్డ, ముట్టుకునేవాళ్లు లేక మంచులో తడుస్తూ ఉంది.