మసక వెలుతురుకి పనికొచ్చే కెమెరా

…ఇదయితే మరీ బరువు, మెడలో గుదిబండలా వేలాడుతోంది, అద్దం చుట్టూ ఏవో అంకెలు, ఈ మధ్యే నేర్చిన చదువు కదా, కూడబలుక్కుంటున్నాను, ఆ అంకె ఎంత చిన్నదయితే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుందండీ అమ్మగారూ అంటున్నాడు కొట్టాయన, ఇదెక్కడి లెక్క, చిన్నదయితే ఎక్కువట, సరే, ఏం ఫోటోలు తీస్తారు అని అడిగితే వీధులండీ, ఊళ్లు తిరుగుతూ, చీకటి పడే వేళ, నడిచిపోయే మనుషుల్ని, అని మా అమ్మాయే నా బదులు చెప్పేస్తోంది, నాన్న పోయాక గడప దాటని అమ్మ ఊళ్లు తిరుగుతానంది అని మురిసిపోతోంది పిచ్చిది, దానికి నేను చెప్పింది అదే మరి, అంత అబద్ధమూ నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేసిందో,

నాకు ఏ ఊరూ వద్దు, ఈ కొట్టున్న మా వీధే కావాలి, దీపాలు వెలిగీ వెలగని వేళ మా బాల్కనీ కింద నుంచి ఒక మనిషి నడిచిపోతాడు, కాళ్లు ఎడంగా వేసి, నేల ఎక్కడ కదిలిపోతుందో అన్నట్టు, కుడిచెయ్యి కాస్త ముడిచి, అచ్చం మా ఆయన నడక, బస్సులో టిక్కెట్లు కొట్టి కొట్టి ఇంట్లోనూ అలాగే నడిచేవారు, మంచినీళ్లకి వంటగదిలోకి వచ్చినా గుమ్మం పట్టుకునే నిలబడేవారు, ఇల్లేమీ బ్రేకు వెయ్యదు లెండి, వదలండి, అంటే, ఏమో, డ్రైవరువి నువ్వేగా అనేవారు, ఉన్న ఫోటోలన్నిట్లో కూర్చునే ఉన్నారు, నడుస్తున్నది ఒక్కటీ లేదు, ఆ పోయే మనిషిని ఫోనుతో తీస్తే తడిగుడ్డతో తుడిచిన మరకలా వస్తాడు, ముఖం తెలియదు, తెలియకపోబట్టే,

ఇది చూడండి, చిన్నది, చేతిసంచిలో పడుతుంది, చప్పుడు చెయ్యదు, ఫ్లాషు అక్కర్లేదు, మసకలో పరిగెత్తేవాణ్ణయినా కదలకుండా పట్టేస్తుంది, అంటున్నాడు, మా అమ్మ తీస్తే తలలుండవండీ, తలలు కూడా పట్టేది ఉంటే ఇవ్వండి అంటోంది అమ్మాయి, అది మీరే నేర్పుకోవాలమ్మా, దానికి గ్యారంటీ లేదు, అని ఇద్దరూ నవ్వుకుంటున్నారు, వెలుతురు పడిపోతోంది, గుమ్మంలోకి వెళ్లి ఒకటి తీసి చూడండి అమ్మగారూ,

గుమ్మంలో చినుకులు, రోడ్డు తళతళా, అదుగో వస్తున్నాడు, ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు, ఆగండి, ఒక్కసారి ఆగండి అని అరుస్తానేమో అని భయమేసింది, నొక్కాను,

అబ్బ, ఎంత బాగా పడిందమ్మా అని అమ్మాయి కెమెరా తెర నా వైపు తిప్పింది, పడింది, చొక్కా గుండీలతో సహా పడింది, గడ్డం మీద పుట్టుమచ్చ, మీసమింకా నల్లగా, ఎవరో, నేనెరగని మనిషి, భుజానికి తోలుసంచి, వెనకాల ఇంకో ఇద్దరు, వాళ్ల భుజాలకీ అవే సంచులు, ముగ్గురి కాళ్లూ ఎడంగానే, ముగ్గురి కుడిచేతులూ లేని కమ్మీని పట్టుకున్నట్టే, డిపోవాళ్లండీ, డ్యూటీ దిగి ఇటే పోతుంటారు, కండక్టర్లందరిదీ అదే నడక, బస్సు మనిషిని అలా చేసేస్తుంది, అన్నాడు కొట్టాయన మామూలుగా,

ఇదే తీసుకుందామా అమ్మా, అంటోంది, ఆ నడక ఆయనొక్కరిదే అనుకున్నాను, పోతూ పోతూ నా కోసం అదొక్కటీ వీధిలో వదిలి వెళ్లారనుకున్నాను, అది బస్సుదట, ఆయన ఎక్కకముందూ ఉంది, దిగిపోయాకా ఉంది, ఎవరి కాళ్లకయినా వస్తుంది, రేపూ మా ఇంటి కింద నుంచి అలాగే నడుచుకుంటూ పోతుంది, అందులో ఆయన ఉండరు, ఇన్నాళ్లూ నేను చూసిన ఏ సాయంత్రమూ లేరు.