పేరు వేయక్కర్లేదు

2018 నవంబరు 11, ఆదివారం. ఆ ఉదయం ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టి చుట్టుకున్న రెండు అన్నం ముద్దలూ, పక్కింటావిడ ముందురోజు ఇచ్చిన బురి చేపా ముల్లంగీ కూరా తిన్నాను. తలకాయ తనింటికి ఉంచుకుని, రుచైన పొట్ట ముక్కలు నాకు పెట్టింది. ఒంటరివాణ్ణయ్యాక ఇలాంటివి ఎక్కువ గుర్తుంటున్నాయి.

తొమ్మిదింటికి ఊరి సభాభవనంలో పియానో శ్రుతి చేయడం మొదలుపెట్టాను. నలభై ఆరేళ్ళుగా ఆ పని నాదే. సముద్రం మీద చలికాలపు మొదటి ఉరుములు వినిపిస్తున్నాయి. గాలిలో తేమ పెరిగితే పై స్వరాలు జారిపోతాయి. మేనేజరు మురోహాషి ఒక హీటరు తెచ్చి నా పక్కన పెట్టాడు.

"మీకోసం కాదు, పియానో కోసం," అన్నాడు.

పియానోకి హీటరు మంచిది కాదని అతనికీ తెలుసు. దాన్ని నా మోకాళ్ళ వైపే తిప్పి పెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి కచేరీ. వాకుయి చిగుసా ముప్ఫై అయిదేళ్ళ తర్వాత మొదటిసారి సొంత ఊళ్ళో వాయించబోతోంది. వియన్నా, బ్రిస్బేన్, బ్యూనస్ ఐరిస్, ఆమె వాయించని ఖండం లేదు. నాలుగో ఏట నుంచి పద్నాలుగో ఏటి దాకా ఆమెకి నేర్పింది నా భార్య కినుయో. కినుయో పోయి మూడేళ్ళయింది.

పదింటికి మందుల కొట్టు ఫుకిసావా, గొడుగు నీళ్ళు కారుతుండగానే వేదిక ఎక్కేసింది. ఆమె కూడా కినుయో శిష్యురాలే. వాయించడం ఎప్పుడో మానేసింది గానీ టీచరుగారి మీద మాట పడనివ్వదు.

"చూశారా బాబాయిగారూ, ఇది?" అంటూ ప్రోగ్రాం కాగితం నా మొహం ముందు ఆడించింది. "టోక్యోలో ఒక ప్రొఫెసరట. వియన్నాలో ఇంకొకాయనట. వార్సాలో ఇంకొకావిడట. మన టీచరుగారి పేరేదీ?"

"అద్దాలు తేలేదమ్మా," అన్నాను. అబద్ధం. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.

మా సంగీతం వాళ్ళలో, ప్రోగ్రాంలో వాయించేవారి పరిచయం చివర గురువుల పేర్లు వరసగా వేస్తారు. మొట్టమొదట చేయి పట్టి నేర్పినవారి పేరు ముందుంటుంది. అది లేదంటే రెండే అర్థాలు. గురువు వెళ్ళగొట్టి ఉండాలి, లేదా శిష్యురాలికి ఆ గురువంటే నామోషీ అయి ఉండాలి. ఊరంతా రెండోదే నమ్మింది.

"టీచరుగారి శిష్యులం పదకొండు మందిమి మూడో వరసలో కూర్చుంటున్నాం, చేతులు కట్టుకుని. ఒక్క చప్పట్టు పడదు," అంది ఫుకిసావా.

"టికెట్టు కొని మరీనా?"

"కొనకపోతే మేం కొట్టట్లేదని ఆ మహాతల్లికెలా తెలుస్తుంది?"

కినుయో బిస్కెట్ల డబ్బాలో చిగుసా కచేరీల ప్రోగ్రాం కాగితాలు నలభై ఒకటి ఉన్నాయి. ఏటా ఒకటో రెండో విదేశీ స్టాంపులతో వచ్చేవి. లోపల ఉత్తరం ఉండేది కాదు. వెనక చిరునామా ఉండేది కాదు. ఆ భాషలు రాకపోయినా, కినుయో గురువుల పేర్ల మీద వేలు పెట్టి వరస చివరిదాకా నడిపేది. తర్వాత మడత చెడకుండా డబ్బాలో పెట్టేది. ఆసుపత్రికి వెళ్ళే వారం ముందు వచ్చిన ఆఖరిదాన్నీ అలాగే చదివి, "ఈసారీ లేదు," అంది. ఆ వేలు ఆగవలసిన చోట ఒక్కసారైనా ఆ పేరు చూడాలని నా కోరిక. ఇంకేమీ లేదు.

పదకొండింటికి చిగుసా వచ్చింది. వేళ్ళు బిగుసుకోకుండా రెండు అరచేతుల్లోనూ వేడి సంచులు. నాకు నడుము వంచింది గానీ, కొత్తవాళ్ళకి ఎంత వంచాలో అంతే. కూర్చుని పై మెట్లు నాలుగు నొక్కి చేయి తీసేసింది.

"తడి అట్ట కొట్టినట్టుంది."

"ఉరుముల వల్ల, తేమకి..."

"ఉరుములు వియన్నాలోనూ ఉంటాయి."

మూడు తీగలు మళ్ళీ బిగించాను. ఆమె నిలబడే ఉంది, తొందర పెట్టలేదు. ఆ మాత్రం చాలనిపించి నోరు తెరిచాను.

"వాకుయి గారూ, ఒక చిన్న మనవి. ప్రోగ్రాంలో సవరణ చీటీ ఒకటి పెట్టిస్తే బాగుంటుంది. గురువుల వరసలో ఒక పేరు తప్పిపోయింది."

"తొరిగొయె గారూ!" మురోహాషి పరుగున వచ్చాడు. "మీరు తీగలు బిగించడానికొచ్చారా, పంచాయితీకొచ్చారా?"

"తప్పిపోలేదు. నేనే వేయలేదు. వేయను కూడా," అంది చిగుసా.

"అది కాదు చిగుసా..."

"ఆ పిలుపు వద్దు." వేడి సంచులు పియానో మీద పెట్టింది. "ఆ రోజు మీరు లోపలి గదిలోనే ఉన్నారు కదా, శ్రుతి మామయ్యా? టోక్యో వెళ్తున్నానని చెప్పడానికొస్తే నన్ను గుమ్మంలో నిలబెట్టి ఆవిడ ఏమంది? 'ఇక మీదట నా పేరు వేయక్కర్లేదు' అంది. ఎంత మొద్దు పిల్లనైనా వీధి గేటు దాకా వచ్చి సాగనంపేది. నా మొహం మీద తలుపేసింది. వెళ్ళగొట్టడం అంటే ఇంకెలా ఉంటుంది? వెళ్ళగొట్టిన గురువు పేరు వేసుకునే హక్కు నాకెక్కడిది?"

ముప్ఫై అయిదేళ్ళుగా అదే మాట నా చెవిలో ఇంకోలా ఉంది.

"అలా కాదమ్మా. చిన్న ఊరి టీచరు పేరు చూస్తే టోక్యోలో నిన్ను చులకన చేస్తారని భయపడింది. తన పేరు నీకు బరువు కాకూడదని అలా అంది. తలుపు వేసింది ఏడుపు ఆగక."

"ఏడుపొస్తే ఏడవాలి. తలుపేస్తారా?" గొంతు పెరిగింది. "పద్నాలుగేళ్ళ పిల్లకి అందులో దయ ఎక్కడ వినిపిస్తుంది? నలభై ఒక్కసార్లు పంపాను. చూసుకో, నీ మాట దాటలేదు అని. 'ఇక చాలు, వేసుకో' అని ఒక్క ముక్క రాయొచ్చుగా?"

"చిరునామా ఉండేది కాదు."

"మా అమ్మ మీకు మూడు వీధుల అవతల ఉండేది. చచ్చిపోయేదాకా."

మురోహాషి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"సరే, ఆవిడ సంగతి వదిలేయండి. ఆ మాటకి అర్థం మీకు తెలుసుగా. మీరెందుకు చెప్పలేదు?"

"వద్దంది."

"వద్దంది!" నవ్వింది. వినడానికి బాగోని నవ్వు. "ఈ ఊళ్ళో అందరూ ఒకరి మాట ఒకరు వింటారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. మీ పని అయిందా? అయితే దిగండి."

సామాను సంచీలో వేసుకుని దిగాను.

కచేరీకి వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. శ్రుతి చేసేవాళ్ళు కూర్చునే చోటది. మూడో వరసలో పదకొండు మంది చేతులు కట్టుకుని పోలీసుల్లా ఉన్నారు. చిగుసా వాళ్ళ వైపు ఒకసారి చూసి, కోపంగానే మొదలుపెట్టింది. మొదటి భాగమంతా ఎవరితోనో తగువాడుతున్నట్టే వాయించింది. చప్పట్లు పడ్డాయి, మూడో వరసలో తప్ప.

రెండో భాగం చివర పెద్ద సొనాటా. ఆఖరి స్వరం ఆగిపోయింది. ఆమె లేవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు లేచింది.

అది ప్రొఫెసర్లు నేర్పింది కాదు. మా ఇంటి ముందు గదిలో పిల్లలందరికీ కినుయో నేర్పిన పద్ధతి. స్వరం పూర్తిగా పోయేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకో, మూడు లెక్కపెట్టు, అప్పుడు లే. చూస్తే మూడో వరసలో పదకొండు తలలూ మూడుసార్లు కొంచెం కొంచెంగా ఊగాయి. ఫుకిసావా ఉలిక్కిపడి చుట్టూ చూసి, దోమని కొట్టినట్టు రెండు చప్పట్లు కొట్టి మళ్ళీ చేతులు కట్టుకుంది.

కొసరుగా మరో రెండు వాయించింది. కచేరీ అయ్యాక మురోహాషి ఎప్పటిలాగే బయట హాల్లో తెల్ల బోర్డు మీద ఆ రెండింటి పేర్లు రాశాడు. ఇంటికెళ్ళేముందు జనం దాన్ని ఫోటో తీసుకుంటారు. వరస సాగుతుండగా చిగుసా కోటు తొడుక్కుని లోపలి నుంచి వచ్చింది. జనం పక్కకి జరిగారు. మురోహాషి చేతిలోంచి పెన్ను లాక్కుని, రెండో పేరు కింద గట్టిగా రాసింది.

మొదటి గురువు, తొరిగొయె కినుయో.

నా దగ్గరికి వచ్చి పెన్ను నా చేతిలో పెట్టింది.

"సంతోషించకండి. ఇది గౌరవం కాదు. ముప్ఫై అయిదేళ్ళు ఆవిడ మాట విన్నాను. ఇవాళ వినలేదు."

"అది చాలు," అన్నాను.

"మీకు చాలు. నాకు చాలదు."

కారు వెళ్ళిపోయింది. నేను చేయెత్తాను, అద్దం దించలేదు.

"పొగరు ఇంచు కూడా తగ్గలేదు!" అంటూనే ఫుకిసావా బోర్డుని ఫోటో తీసింది. మొదటిది చెదిరిందని రెండోసారీ తీసింది.

అందరూ వెళ్ళాక నేను బోర్డు ముందు నిలబడ్డాను. సిరా చెదరకుండా, వేలు కాస్త ఎడంగా పెట్టి పై వరస నుంచి నడుపుకుంటూ వచ్చాను. మూడో వరస దగ్గర ఆగింది.

వెనక మురోహాషి తుడుపు గుడ్డతో నిలబడి ఉన్నాడు. కచేరీ రోజు బోర్డు తుడిచాకే అతను తాళం వేస్తాడు.

"రేపు సోమవారం. సెలవు," అన్నాడు గోడ వైపు చూస్తూ. "ఎల్లుండి చూద్దాం లెండి."

గుడ్డని మేకుకి తగిలించాడు. దీపాలు ఆర్పాడు. నేను గొడుగు విప్పుకుని మెట్లు దిగేదాకా ఆగి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.