బిగిసిన మూత

టైలరమ్మ పొట్టలోంచి సంచిలోకి దిగిన నీళ్లు ఆ ఉదయం గంజిలా తెల్లగా ఉన్నాయి.

రోజూ లేత పసుపు రంగులో, సంచి కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉండేవి. అక్క ఇవాళా పేపరు పెట్టి చూసింది. ఒక్క అక్షరం కనబడలేదు. మంచం మీద చెల్లెలు పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతోంది.

"లోపల చీము పట్టినట్టుందే!" మాస్కు వెనకనుంచి అంది అక్క.

గుమ్మం బయట టైలరమ్మ భర్త మెకానిక్ ఆ మాట విన్నాడు. భార్య కిడ్నీలు పాడయ్యాక అతని చోటు ఆ గుమ్మం బయటే. పొట్టకి అమర్చిన గొట్టంలోంచి మందునీళ్లు ఎక్కించి, కొన్ని గంటలుంచి దించేస్తే ఒంట్లోని మలినం పోతుంది. మధ్యలో ఆమె హాయిగా షాపులో కుట్టుకోవచ్చు. నీళ్లు మార్చే పని మాత్రం వదినదే. ఫ్యాను ఆపి, మోచేతుల దాకా కడుక్కుని, తలుపు వేసేసేది.

"మీ గోళ్లలో గ్రీజుతో లారీ నడుస్తుంది. మీరు బయటే ఉండండి మరిదిగారూ!"

ఆ తర్వాత లోపల్నుంచి అక్కచెల్లెళ్ల నవ్వులు. తనతో ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో! మూసిన తలుపు చూస్తూ అతను కళ్లలో నిప్పులు పోసుకునేవాడు.

ఆస్పత్రిలో నర్సు సూటిగా చెప్పేసింది. "మందులకి లొంగకపోతే గొట్టం తీసేయాలి. ఆపైన వారానికి మూడుసార్లు ఇక్కడికే వచ్చి రక్తం కడిగే మిషను పెట్టించుకుని పడుకోవాలి."

"మరి నా షాపు?" అంది టైలరమ్మ.

నర్సు అక్క వైపు తిరిగింది. "గొట్టం ముట్టుకునేది మీరే కదా? ఇకమీదట మీరు చేయొద్దు."

ఇన్నాళ్లూ మెకానిక్ కోరుకున్న మాట అదే. తీరా విన్నాక అతని చెయ్యి జేబులోని రుమాలు మీదికి పోయింది.

"ఒక్క నిమిషం సిస్టర్," అంది అక్క. "గొట్టం చివరి మూత నేను మెల్లిగా పెడతాను. మొన్న సాయంత్రం అది నట్టులా బిగిసిపోయి ఉంది. నువ్వు గానీ తిప్పావా చెల్లీ?"

"నేనెందుకు తిప్పుతానక్కా? ఆ మధ్యాహ్నమంతా నిద్రలోనే ఉన్నాగా."

అంటూనే టైలరమ్మ భర్త చేతులవైపు చూసింది. ఇంట్లో నూనె డబ్బా మూత అతను బిగిస్తే మళ్లీ అతనే తీయాలి.

"ఏవండీ... మీరేనా?"

అతను జేబులోంచి రుమాలు తీశాడు. దాని మీద గోధుమరంగు మరక.

"నేనే. నువ్వు పడుకున్నప్పుడు మీ అక్క శుభ్రత ఏపాటిదో చూద్దామని మూత తీశా. లోపల ఈ మరక. దొరికిపోయింది వదిన అనుకున్నా!"

"అయ్యో, అది క్రిములు చేరకుండా మూతలో ఉండే మందయ్యా!" అంది నర్సు.

"నాకేం తెలుసు సిస్టర్? పెట్రోలు పైపులో తుప్పులా కనబడింది. దీంతో తుడిచేశా. గ్యారేజీలో అలవాటుకొద్దీ నోటితో ఊదా," అని భార్య వైపు తిరిగాడు. "నువ్వు కదిలావు, భయమేసి మూత బిగించేశా. ఈ రుమాలు నీకు చూపించి వదినని ఇంటికి పంపించేద్దామనుకున్నా. నీ మంచికోసం కాదే... ఆ తలుపు వెనక నువ్వు నాతో నవ్వాలని."